పాత వీడియో ఆటల సమీక్ష



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము పాత వీడియో ఆటల సమీక్ష. ఈ పేరు వినినంతనే మీలో కొందరికి రెండు సందేహములు కలుగవచ్చును. ఆటలేమి, వానికి సమీక్షలేమి అనునది మొదటిది. క్రొత్త ఆటలనైనచో కొనువారికి సలహా కావలెను గనుక సమీక్షింపవచ్చును. ముప్పది నలువది యేండ్ల క్రిందట వెలువడి, నేడు చాలవరకు అంగళ్లలో దొరకని ఆటలకు గుణదోషవిచారణ ఎందులకు అనునది రెండవది. మొదటి సందేహమునకు క్లుప్తముగ సమాధానము చెప్పి, రెండవదానిని గూర్చి విపులముగ ముచ్చటించెదను.

వైకుంఠపాళి పటమును మొదట గీసినవాడు నిచ్చెన ఎచ్చట నుంచవలెనో, పాము నోరు ఎచ్చట తెరువవలెనో యోజింపకయే గీసియుండడు. ఆడువాని ఆశ, భయము, ఓర్పు అన్నియు అతని లెక్కలోనివే. వీడియో ఆటను కూర్చువాడును ఆ పనియే చేయుచున్నాడు. ఒకని యోజన మరియొకని చేతివ్రేళ్లకు అందునట్లు చేసిన వస్తువు గనుక, అది బాగుగ నున్నదా, ఉన్నచో ఏల బాగుగ నున్నది అని అడుగుట న్యాయమే.

విషయములోనికి పోవుటకు ముందు కొన్ని మాటలకు అర్థము చెప్పవలెను. కన్సోలు అనగా ఇంటిలోని టెలివిజనుకు తగిలించి ఆడుకొను పెట్టె. ఆటలను వేరుగ చిన్న డబ్బీలలో అమ్ముచుండెడివారు. వీనిని మన యూళ్లలో పిల్లలందరును క్యాసెట్టులనియే పిలిచిరి. పాటల క్యాసెట్టువలె దీనిలో టేపు ఉండదు. ఆటయంతయు పొందుపరచిన చిప్పు ఉండును. జపానునందు నింటెండో సంస్థ 1983 జూలై 15వ తేదీన ఫామికామ్ అను పెట్టెను వెలువరించెను. అదియే రూపు మార్చుకొని 1985లో అమెరికాలో ఎన్.ఇ.ఎస్. అను పేర అమ్మకమునకు వచ్చెను. 1990 దశకమున తెలుగు పట్టణముల అంగళ్లకు వచ్చిన టీవీ గేములలో పెక్కు దీనికి నకళ్లే. ఒక్క క్యాసెట్టులో వేలకొలది ఆటలున్నవని పైని అచ్చువేసెడివారు. పెట్టి చూచినచో, పట్టుమని కొన్ని ఆటలే పేరులు మార్చుకొని మరల మరల వచ్చుచుండెడివి.

ఇక నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఈ ప్రసంగమునకు మూలము అదియే. చిన్ననాడు వేసవి సెలవులలో మా మేనమామగారి ఇంట నేను అట్టి పెట్టెపై ఒక మల్లయుద్ధపు ఆట ఆడితిని. దాని పేరు ప్రో రెస్లింగ్. పెద్దవాడనైన పిమ్మట ఆ ఆటను గూర్చి ఒక చిన్న పత్రికకు వ్యాసము వ్రాసితిని. ఆటను మరల ఆడి చూడలేదు. జ్ఞాపకమే చాలునని తలంచితిని. అందు పండ్రెండుగురు మల్లులున్నారనియు, గోదా దిగి వెలుపల ఎంతసేపు నిలిచినను అడుగువాడు లేడనియు వ్రాసితిని. కొన్నాళ్లకు ఆ ఆట చేతికి దొరకెను. చూడగా, మనము ఎంచుకొనదగిన మల్లులు ఆరుగురే. గోదా వెలుపల నిలిచినవానికి రిఫరీ అంకెలు లెక్కించుచునే యున్నాడు. లెక్క ముగియులోగా లోనికి రానివానికి గెలుపు లేదు.

పండ్రెండుగురు ఎచ్చటనుండి వచ్చిరి? మేము పిల్లలము ఒక్కొక్క మల్లునకు మాకు నచ్చిన తెలుగు పేరొకటి తగిలించితిమి. ఆ పేరులు ఏండ్లు గడచినకొలది నా తలలో వేరు మనుష్యులై కూర్చుండెను. తప్పు ఇంతటితో ఆగిన బాగుండెడిది. నా వ్యాసము చదివిన వేరొకరు ఆ పండ్రెండుగురనే తమ వ్యాసమునందును వ్రాసిరి. ఒకని మరపు ఇద్దరి సాక్ష్యమయ్యెను.

అప్పుడు నాకు తోచిన సంగతి ఇది. క్రొత్త ఆటను సమీక్షించువాడు సలహాదారు. పాత ఆటను సమీక్షించువాడు సాక్షి. అమెరికాలో 1981లో ఎలక్ట్రానిక్ గేమ్స్ అను పత్రిక వెలువడినప్పుడును, జపానులో 1986లో ఫామిత్సూ పత్రిక ప్రారంభమైనప్పుడును, సమీక్షకుని పని స్పష్టముగ నుండెను. చేతిలోని రొక్కమునకు ఏ ఆట తగునో చదువరికి చెప్పుటయే ఆ పని. ఫామిత్సూలో నలుగురు సమీక్షకులు తలకు పదేసి మార్కుల చొప్పున, మొత్తము 40కి తూకము వేసెడివారు. నలుబదికి నలుబదియు మొదట పొందిన ఆట 1998లో వెలువడిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్. కొనువానికి ఇట్టి అంకె ఉపయోగకరమే. సమీక్షకుడు పొరబడినను, చదువరి తానే ఆడి చూచి సరిదిద్దుకొనగలడు. పాత ఆట విషయమున అట్లు కాదు. చాలమందికి ఆట దొరకదు, దానిని గూర్చి వ్రాసినదే దొరకును. అట్టిచోట మార్కుల వలన ప్రయోజనము స్వల్పము. సరియైన వాంగ్మూలము వలన ప్రయోజనము మెండు.

ఆ వాంగ్మూలము ఎట్లుండవలెను? మూడు ప్రశ్నలకు అది వేర్వేరుగ సమాధానము చెప్పవలెనని నా అభిప్రాయము. ఆ యంత్రమునకు ఎంత శక్తి యుండెను? ఆ శక్తితో కూర్పరి ఏమి సాధించెను? నేడు ఆడువాని చేతికి అది ఎట్లు తోచుచున్నది? ఈ మూటిని కలగాపులగము చేసినందువలననే పాత ఆటల సమీక్షలు రెండు విధముల చెడుచున్నవి. కొందరు చిన్ననాటి మమకారముచే ప్రతిదానిని బంగారమందురు. మరికొందరు నేటి ఆటల ప్రక్కన నిలిపి, బొమ్మలు మోటుగ నున్నవని నవ్వి విడుతురు.

మొదటి ప్రశ్నకు ఒక ఉదాహరణము చూపెదను. 1977లో వెలువడిన అటారి కన్సోలుకు, ఆట నడచుచుండగా లెక్కలు వ్రాసికొనుటకు గల జ్ఞాపకస్థానము 128 బైట్లు మాత్రమే. అనగా, 128 అక్షరములు పట్టు పలక యనుకొనుడు. ఆంగ్లమున నాలుగైదు పంక్తులు వ్రాయునప్పటికి అది నిండిపోవును. ఆ పలకపై వారెన్ రాబినెట్ అను యువకుడు అడ్వెంచర్ అను సాహసయాత్రను కూర్చెను. అది 1980లో అంగళ్లకు వచ్చెను. అందులో మనము ఒక చిన్న చతురము. కత్తి బాణపు గుర్తువలె నుండును. మూడు డ్రాగనులు కలవు. చూచుటకు అవి బాతులను పోలియుండును. మాయమైన మంత్రపు పాత్రను తిరిగి కోటకు తెచ్చుట మన పని.

ఇంతవరకు విని నవ్వువారు నవ్వవచ్చును. కాని ఆ ఆటలో గబ్బిలమొకటి కలదు. మనము చూడనప్పుడును అది తిరుగుచునే యుండును. ఒక వస్తువు నెత్తుకొనిపోయి వేరొకచోట విడచును. మనము వదలివచ్చిన కత్తి మనము వదలిన చోటనే యుండునను నమ్మకము లేదు. తెరపై కనబడని చోటులయందును లోకము నడచుచున్నదను భావమును 128 బైట్లలో ఇముడ్చుట సామాన్యమైన పని కాదు. యంత్రశక్తి తెలిసినవానికే ఈ గొప్పతనము తెలియును.

ఈ ఆటకు చేరిన మరియొక సంగతి సమీక్షకుడు విస్మరింపరాదు. ఆనాడు ఆ సంస్థ ఆటలపై కూర్పరుల పేరులు వేయుటలేదు. రాబినెట్ ఎవరికిని చెప్పక, ఆటలో ఒక రహస్యపు గదిని నిర్మించి, గోడపై తన పేరు వ్రాసికొనెను. కంటికి ఆనని బూడిదరంగు చుక్క యొకటి దొరకినవారికే ఆ గదిలోనికి దారి దొరకును. అతడు ఉద్యోగము విడిచిపోయిన పిమ్మట గాని సంస్థవారికి ఈ సంగతి తెలియలేదు. గుడిస్తంభముపై శిల్పి తన పేరు చెక్కికొనుటవంటి పని ఇది. ఆటను కూర్చినవాడు ఒక మనిషి యని ఆ గది మనకు జ్ఞాపకము చేయుచున్నది.

రెండవ ప్రశ్నకు ఉదాహరణముగ, అపఖ్యాతి పొందిన ఆటను ఒకదానిని గైకొందము. 1982లో సినిమా ఆధారముగ వెలువడిన ఇ.టి. అను ఆటను లోకములోని ఆటలలోకెల్ల చెడ్డదని పెక్కుమంది వ్రాసిరి. అమ్ముడుపోని సరకును 1983లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున ఆలమగోర్డో అను ఊరి చెత్తదిబ్బలో పూడ్చిరి. 2014 ఏప్రిలులో ఆ చోటు త్రవ్వి క్యాసెట్టులను వెలికితీసిరి. దీనిని కూర్చిన హోవర్డ్ స్కాట్ వార్షాకు దొరకిన వ్యవధి సుమారు ఐదు వారములు. పండుగ అమ్మకములకు అందవలెనను తొందర అట్టిది.

ఈ సంగతి యెరిగిన సమీక్షకుడు ఏమి చేయవలెను? ఆటలోని దోషమును దాచరాదు. నడచుచు నడచుచు గోతులలో పడుట, ప్రాకి పైకి వచ్చుట, మరల పడుట ఆ ఆటయందు విసుగు పుట్టించుమాట నిజము. కాని అందులో దారి తిన్నని గీతవలె గాక, వెదకుచు తిరుగుటకు వీలుగ నుండుట, ఆనాటికి ధైర్యముతో కూడిన యోజన యనుటయు నిజమే. వ్యవధి తక్కువ యనుట దోషమునకు కారణమగును గాని దోషమును గుణముగ మార్చదు. రెండును వ్రాసినవాడే సాక్షి. చెడ్డదని వినికిడిచేత వ్రాసినవాడు నేను పండ్రెండుగురని వ్రాసినట్లే వ్రాసినవాడు.

ఇక మల్లయుద్ధపు ఆటలకు వత్తము. ఈ జాతి ఆటలను తూచుట కొంత చిక్కైన పని. మన కుస్తీగోదాలో బలము, పట్టు, అదను ఈ మూడును గెలుపును నిర్ణయించును. అమెరికా, జపానులలోని వృత్తిమల్లుల ప్రదర్శనము వేరు. అందు గెలుపోటములు ముందుగనే నిర్ణీతములు. ప్రేక్షకులు కోరునది కథ. ఓడిపోవుచున్నవాడు ఎట్లు తేరుకొనును, ఎప్పుడు లేచును అనునదే వారి ఉత్కంఠ. ఆటగా మార్చునప్పుడు ఫలితము ముందుగ తెలియరాదు, అయినను ఆ కథ ఉండవలెను. పోటీయు ప్రదర్శనమును ఒక్క ఒరలో ఇమిడినవా అనునదే మల్లయుద్ధపు ఆటకు సరియైన పరీక్ష.

ప్రో రెస్లింగు జపానులో 1986లోను, అమెరికాలో 1987లోను వెలువడెను. దీనిని రూపొందించినవాడు మసాతో మసుదా. ఎన్.ఇ.ఎస్. యంత్రపు తెర వెడల్పు 256 చుక్కలు. కదలు బొమ్మలను ఎనిమిదేసి చుక్కల వెడల్పుగల ముక్కలుగ అది చూపును. ఒక్క అడ్డుగీతపై ఎనిమిది ముక్కలకు మించి చూపలేదు. అనగా, ఒక గీతపై కదలు బొమ్మలకు దక్కునది 64 చుక్కలు, తెరలో నాలుగవ పాలు మాత్రమే. మించినచో మిగిలిన ముక్క ఆ గీతపై కనబడదు. అందుచేత కూర్పరులు ముక్కలను వంతులవారీగ చూపుదురు, అప్పుడు బొమ్మ మినుకుమినుకుమనును. పరుగెత్తి దుముకు ఆటలకు ఈ కట్టుబాటు అంత బాధింపదు. కుస్తీలోనో, మనుష్యులు నేలపై అడ్డముగ పడుదురు. ఒకనిపై నొకడు పొరలుదురు. ప్రక్కను రిఫరీ వంగి లెక్కించుచుండును. యంత్రమునకు ఎక్కడ బలము తక్కువయో అక్కడనే ఈ క్రీడకు పని ఎక్కువ.

అట్టి యంత్రముపై మసుదా ఆరుగురు మల్లులను నిలిపెను. ఫైటర్ హయబుసా, స్టార్ మాన్, కిన్ కార్న్ కార్న్, జయంట్ పాంథర్, ది అమెజాన్, కింగ్ స్లెండర్ అనునవి వారి పేరులు. ప్రతివానికిని తనదైన పట్టు కలదు. అమెజాన్ అనువాడు సగము చేప, సగము మనిషి, అతడు కరచును. గోదా ప్రక్కను కెమెరా పట్టుకొన్న మనిషి యొకడు తిరుగుచుండును. ఆటకు అతనితో పని లేదు, ప్రదర్శనమునకు కలదు. ఇదియంతయు టెలివిజనులో చూపబడుచున్న పోటీ యను భ్రమ అతనివలన కలుగుచున్నది. అందరిని గెలిచినవానికి ఎదురగువాడు గ్రేట్ ప్యూమా. గెలిచినప్పుడు తెరపై వచ్చు ఆంగ్లవాక్యము వ్యాకరణము తప్పియుండి, నేటికిని హాస్యమునకు పాత్రమగుచున్నది. అదియు సమీక్షలో చేర్పదగిన సంగతియే గాని, అదియొక్కటియే చెప్పి ముగించుట అన్యాయము.

ఈ మసుదాయే 1989లో ఫైర్ ప్రో రెస్లింగ్ అను ఆటల వరుసకు శ్రీకారము చుట్టెను. అందు మీటలను దడదడ నొక్కువానికి గెలుపు లేదు. ఇద్దరును పట్టుకొన్న క్షణమున, అదను చూచి ఒక్కమారు నొక్కినవానిది పైచేయి. కుస్తీలో అదనుకు గల స్థానమును మీటపైకి తెచ్చిన ఘనత ఆ ఆటది.

మరి పదునొకండేండ్లకు, 2000 నవంబరులో, నింటెండో 64 అను యంత్రముపై డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. నో మెర్సీ వెలువడెను. మీటను తటాలున నొక్కిన చిన్నపట్టు, అదిమి పట్టిన పెద్దపట్టు. ఈ చిన్న యేర్పాటుతో ఆడువానికి బేరమొకటి ఏర్పడుచున్నది: పెద్దపట్టుకు సమయము పట్టును, ఈలోగా ఎదుటివాడు తప్పించుకొనవచ్చును. అట్లే ప్రతి మల్లునకు ఉత్సాహమును కొలుచు పట్టీ యొకటి కలదు. దెబ్బతీసినకొలది అది పెరుగును, తినినకొలది తరుగును. నిండినప్పుడు వాని ప్రసిద్ధమైన పట్టు ప్రయోగింపవచ్చును. ఓడుచున్నవాడు తేరుకొను కథ ఇచ్చట లెక్కగ మారినది. దోషములును కలవు. నలుగురు ఒక్కమారు గోదాలో దిగినచో ఆట మందగించును. మొదట వెలువడిన క్యాసెట్టులలో కొన్నింట, ఆడువాడు దాచుకొన్న వివరములు తమంతట తాము చెరిగిపోవు లోపముండెను. నెలలతరబడి తీర్చిదిద్దుకొన్న మల్లులు ఒక్కనాడు మాయమగుట స్వల్పమైన నష్టము కాదు.

మూడవ ప్రశ్నకు, అనగా నేటి చేతికి ఎట్లు తోచుననుదానికి, ది లెజెండ్ ఆఫ్ జెల్డా మంచి ఉదాహరణము. ఈ సాహసయాత్ర జపానులో 1986 ఫిబ్రవరి 21న వెలువడెను. 1987లో బంగారువన్నె క్యాసెట్టులో అమెరికా చేరెను. దీనిని కూర్చినవారు షిగేరు మియమొతో, తకాషి తెజూకా. క్యోటో సమీపమున, సొనొబే ప్రాంతపు కొండలలోను గుహలలోను చిన్ననాడు తిరిగిన యనుభవము దీనికి మూలమని మియమొతో చెప్పియున్నాడు. ఆట ఆరంభమున ఒక మైదానమున నిలుతుము. ఎదుట గుహద్వారము. ప్రవేశించిన కత్తి దొరకును. ప్రవేశింపకున్న వట్టి చేతులతో ఎటైనను పోవచ్చును. నేలపైని లోకము అడ్డముగ 16, నిలువున 8, మొత్తము 128 తెరలు. ఎటు పోవలెనో చెప్పువాడు లేడు.

మా అన్నగారి కుమారునకు, పదునాలుగేండ్లవానికి, ఈ ఆట ఇచ్చి చూచితిని. పది నిముషములైన పిమ్మట వాడు ప్రక్కన పెట్టి, "బాబాయ్, ఎటు వెళ్లాలో చెప్పదేం ఈ ఆట?" అని అడిగెను. నాకు కోపము వచ్చెను. నేటి పిల్లలకు ఓర్పు లేదని వ్రాయుటకు సిద్ధపడితిని. కాని ఆలోచింపగా తప్పు నాదే యని తేలెను. అమెరికాలో ఈ క్యాసెట్టుతోపాటు ఒక పుస్తకమును, కొంతవరకు నింపి మిగిలినది ఆడువాడు నింపుకొనునట్లు వదలిన పటమును ఇచ్చియుండిరి. నేను వానికి ఆటలో సగమే ఇచ్చితిని. మరునాడు గళ్లకాగితము, పెన్సిలు ఇచ్చితిని. ఆదివారము సాయంకాలమునకు వాడు ముప్పది గళ్లు నింపి, పొదలు తగులబెట్టిన చోటులను ఎఱ్ఱ సిరాతో గుర్తించియుండెను. ఆట మారలేదు, ఆడు తీరు మారినది. సమీక్షలో రెండు సంగతులును వ్రాయవలెను: కాగితము లేకున్న నేటివానికి ఇది విసుగు, కాగితమున్న ఇది దేశాటనము.

ఆ పుస్తకమును చదువుటలోను జాగ్రత్త కావలెను. ఈ ఆటలో పెద్ద చెవులుగల శత్రుజాతి యొకటి కలదు. దానికి పెద్ద ధ్వని గిట్టదని ఆంగ్లపుస్తకము చెప్పుచున్నది. అమెరికాలో ఆడిన పిల్లలు ఆ మాట నమ్మి, ఆటలోని పిల్లనగ్రోవిని ఊది చూచినను ఫలితము లేదు. కారణమేమనగా, జపానులోని ఫామికామ్ యంత్రపు రెండవ కంట్రోలరులో మైక్రోఫోను ఉండెను. దానిలో అరచినచో ఆ శత్రువు చచ్చును. అమెరికా యంత్రమునకు మైక్రోఫోను లేదు. అచ్చట బాణము పనికివచ్చును. పుస్తకములోని మాట మాత్రము మారకుండ నిలిచిపోయెను. ఈ వృత్తాంతము తెలియని సమీక్షకుడు ఆటను అర్థరహితమని నిందించును. తెలిసినవాడు, ఒక దేశపు వస్తువు వేరొక దేశమునకు పోవునప్పుడు దారిలో జారిపోయినదేమో చెప్పగలడు.

ఆడి చూచు పద్ధతియందును నియమములు కలవు. జపాను, అమెరికాలలోని టెలివిజను సెకనుకు 60 మారులు తెరను నింపెడిది. యూరపులోను, మన దేశములోను 50 మారులు. పెక్కు ఆటలు ఈ భేదమునకు సరిచేయబడలేదు. అవి 50 మారుల టెలివిజనుపై ఆరవ వంతు నెమ్మదిగ నడచెను. అదను మీద ఆధారపడు మల్లయుద్ధపు ఆటకు ఇది చిన్న భేదము కాదు. నేటి పలుచని తెరలు కొన్ని, మీట నొక్కినదానిని చూపుటలో రవంత ఆలస్యము చేయును. కాబట్టి సమీక్షకుడు ఏ యంత్రముపై, ఏ తెరపై, ఏ దేశపు ప్రతిని, ఎన్ని గంటలు ఆడెనో మొదటనే చెప్పవలెను. అసలు యంత్రము లేక ఎమ్యులేటరుపై ఆడినచో ఆ సంగతి దాచరాదు. ముగింపువరకు ఆడనిచో ఆ సంగతియు ఒప్పుకొనవలెను. సాక్షి తాను ఎచ్చట నిలిచి చూచెనో చెప్పుట న్యాయస్థానమున ఎట్లో ఇచ్చటను అట్లే.

ఇంత నియమమెందులకని మీరడుగవచ్చును. 2010వ సంవత్సరమునకు ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో 87 శాతము నేడు కొనుటకు దొరకని స్థితిలో నున్నవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ 2023 జూలైలో తన పరిశీలనను వెలువరించెను. నిజమైన మల్లుల పేరులు, రూపులు గల ఆటలకు చిక్కు మరింత. హక్కుల గడువు తీరిన పిమ్మట వానిని మరల అచ్చొత్తుట కష్టము. గ్రంథాలయములు తమ వద్దనున్న పాత ఆటలను పరిశోధకులకు దూరమునుండియే ఆడనిచ్చుటకు అనుమతి కోరగా, అమెరికా ప్రభుత్వపు కాపీహక్కుల శాఖ 2024 అక్టోబరులో నిరాకరించెను. చిప్పులలోని ఆట కొన్నాళ్లు నిలుచును గాని, జెల్డావంటి క్యాసెట్టులలో ఆడువాని జాడలను కాపాడు చిన్న బ్యాటరీ ఏదో ఒకనాడు చచ్చును. అప్పుడు ఆ పిల్లవాడు ఎంతదూరము నడచెనో ఆ లెక్కయు పోవును.

తాళపత్రము చెదలు తినినప్పుడు ప్రతి వ్రాసియుంచినవాని అక్షరమే గతి. అతడు ఒక పాదము తప్పు వ్రాసినచో, తరువాతివారికి ఆ తప్పే పాఠమగును. పాత ఆటల సమీక్షకుడు నిలిచిన చోటు అట్టిది. మెచ్చుకొనుటకును, నిందించుటకును అతనికి హక్కు కలదు. ఆడి చూడక వ్రాయుటకు మాత్రము హక్కు లేదు.

నేను ఆ పత్రికకు సవరణ పంపితిని. మల్లులు పండ్రెండుగురు కారు, ఆరుగురే యనియు, రిఫరీ లెక్కించుననియు రెండు వాక్యములు వ్రాసితిని. వారు చివరి పుటలో అచ్చువేసిరి. నా మాట నమ్మి వ్రాసినవారికిని జాబు వ్రాసితిని, వారును సవరించుకొనిరి. మీ ఇండ్లలో అటకపైని పాత పెట్టె ఏదైన నున్నచో, పారవేయుటకు ముందు ఒక్కమారు తగిలించి చూడుడు. నడచినచో పిల్లలతో కూడ ఆడుడు. ఆట పేరు, క్యాసెట్టుపైని వ్రాత, ఆడినప్పుడు కనబడినది, వినబడినది ఒక కాగితముపై వ్రాసియుంచుడు. జ్ఞాపకమును నమ్మకుడు; ఎదుట కనబడినదే వ్రాయుడు. అదియే మొదటి సమీక్ష.